"ఎలా ఉంది?" నుంచి "ఏమని చదివారు?" దాకా: ఒక తెలుగు అక్షర రూపకల్పన సముదాయం కేస్ స్టడీ

తెలుగు అక్షరాలను గీసేవాళ్ళు, ఫాంట్లు చేసేవాళ్ళు, పుస్తకాలకూ పత్రికలకూ పేజీలు పెట్టేవాళ్ళు కలిసి ఆన్‌లైన్‌లో నడుపుకుంటున్న ఒక సముదాయానికి నేను చాలాకాలంగా మోడరేటర్‌గా ఉన్నాను. అక్కడ ఒకరి పనిని మరొకరు పరిశీలించి చెప్పే అలవాటు ఎలా పుట్టిందో, ఏ దశలో చెడిందో, తిరిగి ఎలా నిలబడిందో ఇక్కడ నమోదు చేస్తున్నాను. భాషకు, చేతిపనికి సంబంధించిన ఏ సముదాయాన్ని నడిపేవారికైనా ఇందులో పనికొచ్చే విషయం ఉందని నా నమ్మకం. సముదాయం పేరు, సభ్యుల పేర్లు, ఊళ్ళు, వాళ్ళు చేసిన పనుల ఆనవాళ్ళు ఇవ్వడం లేదు. ఈ కేసుకు కేంద్రమైన ఇద్దరినీ "విద్యార్థిని" అనీ "మాస్టారు" అనీ మాత్రమే ప్రస్తావిస్తాను. రాయడానికి ఇద్దరూ అంగీకరించారు.

నేపథ్యం

తొలి సభ్యుల్లో ఎక్కువమంది డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) ఆపరేటర్లు, చిన్న ప్రెస్సుల యజమానులు, పుస్తక ప్రచురణ మీద ఆధారపడిన విజయవాడ, హైదరాబాదుల పేజీ కూర్పరులు. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణమైన యూనికోడ్ 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికినా, మన అచ్చు పని ఆ తర్వాత కూడా చాలాకాలం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను వంటి యూనికోడేతర ఫాంట్లతోనే సాగింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో కూర్చుంటాయి. అందువల్ల ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. ఫాంటు ఉన్నా కూర్పు వేరైతే ఒక షాపులో కంపోజ్ చేసిన పేజీ మరో షాపుకు వెళ్ళేసరికి కొన్ని ఒత్తులు మారిపోతాయి, కొన్ని మాయమైపోతాయి. రాత్రి పదింటికి ప్లేటు ఎక్కించాల్సిన ఫైల్లో "క్ష" కనబడకపోతే, ఆ గంటలో జవాబు చెప్పగల మనిషి కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళతోనే ఈ సముదాయం ఏర్పడింది.

ఆ కాలంలో మోడరేటర్లకు పని దాదాపు ఉండేది కాదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ పరీక్షించి చూడగల జవాబు ఉండటమే అందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం. చెప్పినట్టు చేస్తే ఫైలు తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. తెరిపించినవారికి గౌరవం దక్కేది, వాళ్ళ మాట కరుకుగా ఉన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. వాదన పెరిగే అవకాశం వచ్చేలోపే పని పూర్తయ్యేది.

2010 తర్వాత ఈ స్థితి మారింది. అప్పటికే గౌతమి, పోతన2000, వేమన2000 వంటి యూనికోడ్ ఫాంట్లు వాడకంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారంతో సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, పొన్నాల వంటి ఉచిత ఫాంట్లు వాటికి తోడయ్యాయి, తర్వాత గూగుల్ ఫాంట్స్‌లోనూ చేరాయి. 2012లో వచ్చిన పేజీల సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6లో భారతీయ భాషల కూర్పుకు వీలు కలగడంతో పుస్తకాల పని కూడా మెల్లగా యూనికోడ్ వైపు కదిలింది. ఫైలు తెరుచుకోకపోవడమనే పాత బాధ తగ్గే కొద్దీ, దానికోసం వచ్చే మనుషులూ తగ్గారు. వారి స్థానంలో డిజైన్ చదువుకుంటున్న పిల్లలు, సినిమా పోస్టర్లకు టైటిళ్ళు గీసేవాళ్ళు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట అక్షరాలు గీసుకునే ఇంజినీర్లు, విదేశాల్లో ఉండి తమ పిల్లల కోసం తెలుగు కార్డులు తయారుచేసుకునే తల్లిదండ్రులు వచ్చారు. వారి ప్రశ్న వేరు. బొమ్మ పెట్టి "ఎలా ఉంది?" అని అడిగేవారు.

ఈ ప్రశ్నకు పరీక్షించగల జవాబు లేదు. సముదాయం స్వభావంలో వచ్చిన అసలు మార్పు ఇదేనని ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. సభ్యుల సంఖ్య పెరగడం, వయసు తగ్గడం, కొత్త వేదికలకు మారడం వంటివన్నీ దాని పక్కన చిన్న విషయాలు.

సమస్య బయటపడిన తీరు

విద్యార్థిని తాను గీస్తున్న ఒక శీర్షికల ఫాంటు నుంచి కొన్ని పదాలు పెట్టి, మామూలుగా అందరూ అడిగినట్టే "ఎలా ఉంది?" అని అడిగింది. అక్షరాలు బొద్దుగా, మూలలు గుండ్రంగా, తలకట్టు చిన్న అడ్డగీతగా ఉన్నాయి. చూడగానే ఆకట్టుకునే పని. అప్పటికే చాలామంది మెచ్చుకున్నారు. సీసం అక్షరాలను చేతితో ఏరి కూర్చిన రోజుల నుంచి అచ్చు పనిలో ఉన్న మాస్టారు వాటి కింద ఒకే వాక్యం రాశారు: "ఇది తెలుగు కాదమ్మా."

ఆ తర్వాత రెండు రోజులపాటు జరిగిన వాదనలో ఆ ఫాంటు గురించి ఒక్క మాట కూడా లేదు. పాతతరం కొత్తదాన్ని ఓర్వలేదని కొందరు, డిజైన్ బడుల్లో చదివినవాళ్ళకు తెలుగు చదవడం రాదని మరికొందరు రాశారు. ప్రెస్సువాళ్ళు ఒకవైపు, చదువుకున్నవాళ్ళు ఒకవైపు అయ్యారు. విద్యార్థిని తన బొమ్మలను తీసేసింది. మాస్టారు ఆ తర్వాత రాయడం మానేశారు. ఎవరినీ మేము తొలగించలేదు, ఎవరూ కోపంగా వెళ్ళిపోతున్నామని ప్రకటించలేదు. అందుకే ఆ నష్టం బయటికి కనబడలేదు. ఒకప్పుడు రోజూ జవాబులు చెప్పిన పెద్దల పేర్లు ఒక్కొక్కటిగా కనబడటం మానేశాయని, కొత్తవాళ్ళు పని పెట్టి మెచ్చుకోళ్ళు అందుకుని మళ్ళీ రావడం లేదని గమనించాక గానీ ఇది ఒక గొడవతో ముగిసే సంగతి కాదని మాకు స్పష్టం కాలేదు.

మోడరేటర్లం మొదట వేసుకున్న ప్రశ్న: ఇక్కడ ఏ నియమం తప్పారు? ఏదీ తప్పలేదు. మాస్టారు తిట్టలేదు, విద్యార్థిని ఎవరి పనీ కాపీ కొట్టలేదు. శిక్షించడానికి ఏమీ లేని చోట చర్య తీసుకుంటే అది ఒక వర్గాన్ని వెనకేసుకొచ్చినట్టే అవుతుంది. కాబట్టి ఆ ఒక్క వాదనను మూసివేసి, విధానం మీద దృష్టి పెట్టాలని నిర్ణయించాము.

చేసిన ప్రయత్నాలు, ఫలించనివి

మొదటిది మర్యాద నియమాలు. పనిలో ముందు మంచి చెప్పాలి, తర్వాతే లోపం చెప్పాలి, వ్యక్తిగత వ్యాఖ్యలు కూడదు. ఇందులోని ఆలోచన సరళమైనది. గాయపరిచింది మాట తీరు అయితే, మాట తీరును మారిస్తే సరిపోవాలి. వాదనలు నిజంగానే తగ్గాయి. దానితోపాటు విమర్శలో సారం కూడా పోయింది. "బాగుంది, ఇంకాస్త చూసుకోండి" అనే వాక్యం అందరి చేతా ఒకేలా వచ్చేది. ఏది చూసుకోవాలో ఎవరూ చెప్పేవారు కాదు. చెప్పదలచుకున్నవాళ్ళు కూడా, మూడు మెచ్చుకోళ్ళు వెతుక్కుని ఒక లోపం రాయడం కన్నా ఊరుకోవడమే సులభమని ఊరుకున్నారు.

తర్వాత కొత్తవారికీ, అనుభవజ్ఞులకూ వేర్వేరు గదులు ఏర్పాటు చేశాము. ఇది త్వరలోనే నిష్ఫలమైంది. అనుభవజ్ఞుల గదిలో అడిగేవాళ్ళు లేక మాట సాగలేదు. కొత్తవారి గదిలో ఒకరి పొరపాటును మరొకరు శైలిగా భావించి నేర్చుకున్నారు. ఉదాహరణకు "వు" అక్షరంలో కొమ్మును మిగతా హల్లులకు తగిలించినట్టే కుడివైపు తగిలించడం కొన్ని నెలల్లోనే అక్కడి సగం పోస్టర్లలో కనబడసాగింది. దీని సంగతి కింద వివరంగా చెబుతాను.

మూడోది పండుగలకు పోటీలు. సభ్యులందరూ ఓటు వేస్తారు. ఉత్సాహం పెరిగింది, పని కూడా ఎక్కువ వచ్చింది, ఆ మేరకు దీన్ని పూర్తి వైఫల్యం అనలేను. కానీ పోటీల్లోని పనులన్నీ ఒకచోట పెట్టి చూసినప్పుడు ఒక విషయం బయటపడింది. పోటీకి వచ్చిన పదాలు "ఉగాది", "అమ్మ", "వాన", "పండగ" వంటివి. ఒత్తులు లేనివి, ఉన్నా ద్విత్వం వరకే పరిమితమైనవి, పెద్ద సైజులో ఒంటరిగా నిలబెడితే అందంగా కనిపించేవి. "స్వాతంత్ర్యం", "రాష్ట్రీయ", "లక్ష్మి" వంటి పదాలు ఎవరూ ఎంచుకోలేదు. ఓటు వేసేవారు ఫోన్ తెరమీద క్షణంసేపు చూసి వేస్తారు కాబట్టి, ఆ క్షణంలో మెరిసే పనే గెలుస్తుంది. తెలుగు లిపిలో కష్టమంతా ఒత్తుల దగ్గర, వరుసల మధ్య ఎడంలో, చిన్న సైజులో ఉంది. మా పోటీ ఆ కష్టం నుంచి సభ్యులను దూరంగా తీసుకుపోతోంది. రెండు పండుగల తర్వాత దాన్ని ఆపేశాము. ఆపినందుకు కొందరు నొచ్చుకున్నారు. వారికి కారణం ఇలాగే వివరించాము.

ఈ మూడింటి తర్వాత మాకు అర్థమైంది ఏమిటంటే, మేము ఇప్పటిదాకా మాట్లాడేవారి తీరునూ, చోటునూ, ఉత్సాహాన్నీ సర్దుతూ వచ్చాము. అడిగే ప్రశ్నను ముట్టుకోలేదు.

మాస్టారితో సంభాషణ

ఒక మోడరేటర్‌గా నేను మాస్టారికి ఫోన్ చేశాను. మళ్ళీ రాయమని అడగడానికి కాదు, "ఇది తెలుగు కాదు" అన్నప్పుడు ఆయనకు ఏం కనబడిందో తెలుసుకోవడానికి. ఆయన మొదట "చూస్తే తెలియడం లేదూ?" అన్నారు. తెలియడం లేదనీ, దయచేసి అక్షరం అక్షరంగా చెప్పమనీ కోరాను. వీడియోలో ఒక తెల్లకాగితం పెట్టుకుని ఆయన గీసి చూపించారు.

తెలుగులో చాలా హల్లులకు కొమ్ము కుడివైపు చేరుతుంది: కు, గు, ను, రు. ప, ఫ, వ లకు మాత్రం కొమ్మును కిందినుంచి తీసుకువచ్చి తగిలిస్తారు: పు, ఫు, వు. ఇది అలంకారం కాదు. "వ" పక్కన కుడివైపు కొమ్ము పెడితే అది అచ్చంగా "మ" అవుతుంది. విద్యార్థిని అన్ని అక్షరాలకూ ఒకే కొమ్ము వాడింది, ఏకరూపత కోసం. అందువల్ల ఆమె పెట్టిన పదాల్లో "రావు" అన్నది "రామ" అని చదవబడుతోంది. మాస్టారు ఆ రెండు పదాలనూ ఒకదాని కింద ఒకటి రాసి, వేలితో కొమ్మును మూసి, తీసి చూపించారు. తర్వాత "అర్థం", "అర్ధం" రాశారు. మొదటిదానికి మాట భావమని, రెండోదానికి సగమని అర్థం. రెండింటికీ తేడా ఒత్తులో ఉండే ఒక చుక్క మాత్రమే. ఆమె అక్షరాలు బొద్దుగా ఉన్నందువల్ల ఆ ఒత్తు లోపలి ఖాళీ చాలా తక్కువ, న్యూస్‌ప్రింటు మీద సిరా కాస్త పాకినా చుక్క పూడుకుపోతుంది. "పేపర్లో శీర్షిక పెడితే ఏ అర్థమో ఎవరికి తెలుస్తుంది నాయనా?" అన్నారు.

ఆయన చెప్పిన ఒక్క వాక్యంలో ఇంత కచ్చితమైన విద్య ఉంది. అది పైకి రాలేదు. నలభై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దిన కంటికి లోపం మొత్తంగా ఒక్కసారి కనబడుతుంది. దాన్ని విడదీసి చెప్పాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే పక్కన కూర్చున్న కంపోజిటర్‌కు వేలితో చూపితే చాలు. ఆన్‌లైన్‌లో ఆ వేలు లేదు. మర్యాద నియమాలు ఈ విద్యను పైకి తీసుకురాలేవు. ఆయన "ఇది చక్కని ప్రయత్నం, కాని తెలుగు కాదు" అని రాసినా విద్యార్థినికి తెలిసేది అంతే.

ఆ మాట చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "మరి నేను చూపించిందే రాయమంటారా?" అని అడిగారు. అక్కడినుంచే కొత్త విధానం మొదలైంది.

పనిచేసిన విధానం

మేము రెండు మార్పులు చేశాము, ఒకటి అడిగేవారి వైపు, ఒకటి చెప్పేవారి వైపు.

పరిశీలన కోరేవారు ఇకమీదట నచ్చిన పదాలతో కాక, అందరికీ ఒకటే అయిన నమూనా పేజీతో తమ అక్షరాలను చూపాలి. ఆ పేజీని మాస్టారు, మరో ఇద్దరు పేజీ కూర్పరులు, ఒక ఫాంటు ఇంజినీరు కలిసి తయారుచేశారు. ఏ పదం ఎందుకు ఉండాలో ప్రతిదానికీ కారణం రాసుకున్నాము. "రావు, రామ" జంట కొమ్ము కోసం. "అర్థం, అర్ధం" జంట ఒత్తులోని చుక్క కోసం. "కథ, సుధ, గద" వరస ద, ధ, థ ల తేడా కోసం. "స్త్రీ", "రాష్ట్రీయ" రెండేసి ఒత్తులు పడినప్పుడు త, ట ఒత్తులూ, క్రావడీ (ర ఒత్తు) ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఉన్నాయో లేదో చూడటానికి. "స్వాతంత్ర్యం" కింది వరుసలో "కీర్తి" పడేలా పెట్టాము. పై వరుసలోంచి కిందికి దిగే ఒత్తులూ, కింది వరుసలోంచి పైకి లేచే గుడిదీర్ఘమూ ఢీకొంటాయా అన్నది అక్కడ తెలుస్తుంది. తెలుగు పేజీకి ఇంగ్లిషు పేజీ కన్నా వరుసల మధ్య ఎక్కువ ఎడం ఎందుకు కావాలో ఒక్క ఈ జంటను చూస్తే చాలామందికి అర్థమైంది. "జ్ఞానం" చేర్చడానికి వేరే కారణం ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"తో కూడిన ఒక ప్రత్యేక వరస ఐఫోన్లలో సందేశాల యాప్‌ను కూల్చేసింది, ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ఆ వారంలో మా సముదాయానికి చాలామంది ప్రోగ్రామర్లు వచ్చారు, కొందరు నిలిచిపోయారు. ఒక సంయుక్తాక్షరం తెరమీదకు రావడానికి, ఏ అక్షరాలు కలిస్తే ఏ రూపం రావాలో చెప్పే ఫాంటులోని పట్టికలు, అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేర్ రెండూ సరిగా ఉండాలని వారి నుంచే మిగతావారు నేర్చుకున్నారు.

ఈ పేజీని శీర్షిక సైజులోనూ, పుస్తకాల్లో వాడే 11 పాయింట్లలోనూ రెండుసార్లు పెట్టాలి. వీలైతే కాగితం మీద అచ్చు తీసి ఫొటో పెట్టాలి. దానితోపాటు ఈ అక్షరం దేనికి వాడతారు, దేని గురించి సందేహంగా ఉంది అన్న రెండు సంగతులు రాయాలి. నిషేధం పెట్టలేదు. "ఎలా ఉంది?" అని ఎవరైనా అడగవచ్చు, మెచ్చుకోళ్ళు అందుకోవచ్చు. పరిశీలన కావాలంటే మాత్రం ఈ పద్ధతి పాటించాలి.

చెప్పేవారి వైపు చేసిన మార్పే నా దృష్టిలో ఎక్కువ ముఖ్యమైనది. మొదటి రోజు ఎవరూ అభిప్రాయం చెప్పకూడదు. పేజీలో ఏం రాసి ఉందో చదివి, చదివినదాన్ని టైపు చేయాలి, అంతే. ఇందుకోసం పదాల క్రమాన్ని ప్రతిసారీ మారుస్తాము, కొన్ని కొత్త పదాలు కలుపుతాము, లేకపోతే పాతవాళ్ళు కంఠతా వచ్చింది రాసేస్తారు. రెండో రోజు నుంచి అభిప్రాయాలు చెప్పవచ్చు, అయితే ప్రతి అభిప్రాయంలోనూ ఏ అక్షరం, ఏ సైజులో, ఏమనిపించింది అన్నవి ఉండాలి.

ఈ క్రమానికి కారణం ఇది. అభిప్రాయం ముందు వస్తే, తర్వాత వచ్చేవారు ఆ అభిప్రాయం చెప్పినవారి పక్షమో కాదో తేల్చుకోవాల్సి వస్తుంది. చదవడం ముందు వస్తే పక్షం లేదు. అచ్చు పని తెలిసినవారికీ, తెలియనివారికీ చదవడంలో సమాన హక్కు ఉంది. ఒక గృహిణి "రామ" అని చదివితే, అది అక్షరం గీసినవారికి ఒక వాస్తవం. దానితో వాదించాల్సిన పని లేదు, అవమానపడాల్సిన పనీ లేదు. ఫైలు తెరుచుకుంటుందా లేదా అని తేల్చుకున్న పాత రోజుల్లో ఉన్న సుఖం, పరీక్షించగల జవాబు ఉండటం, కొంతమేరకు తిరిగి వచ్చింది.

విద్యార్థినిని తిరిగి రమ్మని అడగడానికి మేము తొందరపడలేదు. ముందు అనుభవజ్ఞులైన ఇద్దరు ముగ్గురు తమ పనినే ఈ పద్ధతికి పెట్టారు. పేరున్నవారి అక్షరాలను కూడా కొందరు తప్పు చదివారు. అది చూశాక కొత్తవారికి భయం తగ్గింది. ఆ తర్వాతే ఆమెకు కబురు పంపాము, ఆమె తన ఫాంటును నమూనా పేజీలో పెట్టింది. చదివినవారిలో ఎక్కువమంది "రావు" దగ్గర "రామ" అని రాశారు. 11 పాయింట్లలో "అర్థం", "అర్ధం" రెండూ ఒకటిగానే చదివారు. మాస్టారు అప్పుడు మొదటిసారి మూడు పేరాల వివరణ రాశారు, కాగితం మీద గీసిన కొమ్ముల ఫొటోతో సహా. ఆమె కొమ్మును మార్చింది, ఒత్తుల్లో థ, ధ లకు లోపలి ఖాళీని పెంచింది.

తలకట్టు సంగతి మాత్రం వేరుగా తేలింది. తలకట్టును అడ్డగీతగా మార్చడం మాస్టారికి అసలు నచ్చలేదు, తలకట్టు వంపు లేకపోతే తెలుగు నడక పోతుందని ఆయన వాదన. "మాస్టారూ, ఎవరూ తప్పు చదవలేదు కదండీ" అని ఆమె రాసింది. నిజమే, చదివినవారిలో ఒక్కరికి కూడా తలకట్టు వల్ల ఇబ్బంది కలగలేదు. ఆయన తన అభిప్రాయాన్ని నిలుపుకుంటూనే, అది అభిరుచికి సంబంధించినదని ఒప్పుకున్నారు. ఆమె అడ్డగీతనే ఉంచింది. పెద్దల మాట ఎక్కడ లిపి ధర్మమో, ఎక్కడ ఒక తరం అలవాటో వేరుచేసి చూడగలగడం ఈ పద్ధతి వల్ల కలిగిన మేలు. ఒకవైపే నేర్చుకునే ఏర్పాటు అయితే మాస్టారి వంటివారు ఉండేవారు గానీ విద్యార్థిని వంటివారు నిలిచేవారు కాదు.

నేర్చుకున్న సంగతులు

లోపం ఎక్కడిదో ముందు తేల్చుకోవాలన్నది వీటిలో మొదటిది. వీధుల్లో ఫ్లెక్సీల మీద "స్త్రీ" విడిపోయి, పొల్లులతో మూడు ముక్కలుగా కనబడటం మనమంతా చూశాము. చాలామంది దాన్ని గీసినవారి అజ్ఞానమనుకుంటారు. ఎక్కువసార్లు అది బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల కూర్పు ఎంపికను ఆన్ చేయకపోవడం వల్ల జరుగుతుంది. మా దగ్గర ఇప్పుడు ఏ ఫిర్యాదు వచ్చినా గీతలో లోపమా, ఫాంటు పట్టికల్లో లోపమా, సాఫ్ట్‌వేర్ లోపమా అని అడిగాకే ముందుకు వెళతాము. దీనివల్ల మనిషిని నిందించే వాక్యాలు వాటంతట అవే తగ్గాయి.

పరిశీలించి చెప్పడం శ్రమ అని గుర్తించడం మరొకటి. ఒక నమూనా పేజీని శ్రద్ధగా చదివి, అక్షరం అక్షరంగా రాయడానికి గంట పడుతుంది. ఆ గంటను ఎవరికైనా ఇవ్వాలంటే, అడిగేవారు కూడా ఆ మేరకు శ్రమపడి ఉండాలి. అందుకే ఇప్పుడు పరిశీలన కోరేవారు, ముందు మరో ఇద్దరి పేజీలను చదివి పెట్టాలని నియమం ఉంది. ఇది కొత్తవారికి భారమవుతుందని మాలో ఒకరు గట్టిగా వాదించారు. నిజానికి చదవడానికి అనుభవం అక్కరలేదు కాబట్టి, కొత్తవారికి ఇదే సముదాయంలోకి సులభమైన ప్రవేశద్వారమైంది.

2022 తర్వాత బొమ్మలు గీసే ఏఐ పరికరాలు వచ్చినప్పుడు చాలా సముదాయాలు కొత్త నియమాల కోసం తంటాలు పడ్డాయి. మొదట్లో మాకు కొత్త నియమం అవసరం కాలేదు. ఆ పరికరాలు అప్పట్లో ఇచ్చినవి దూరం నుంచి తెలుగులా కనిపించే గీతలు, మొదటి రోజే ఎవరూ చదవలేకపోయేవారు, అక్కడితో ఆ పని ఆగిపోయేది. పరికరాలు మెరుగుపడి చదవగలిగే అక్షరాలు ఇవ్వడం మొదలయ్యాక ఈ వడపోత చాలదని తేలింది. చదవడం అక్షరం గుణాన్ని చెబుతుంది, అది ఎవరి శ్రమో చెప్పదు. అందువల్ల పని ఎలా తయారైందో రాయడం తప్పనిసరి చేశాము, ఫాంటు అయితే మూల ఫైలులోని గీతలను కూడా చూపమంటున్నాము. ఇది ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడే చెప్పడం తొందరపాటు అవుతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, దీన్ని తమ దగ్గర వాడదలచినవారికి అది చెప్పి తీరాలి. ఇది చదవడం కోసం ఉద్దేశించిన అక్షరాలకు సరిపోతుంది. అక్షరాన్ని బొమ్మగా, కేవలం రూపంగా గీసే చిత్రకారులకు, చూడగానే ఒక భావం కలిగించడమే లక్ష్యమైన సినిమా టైటిళ్ళకు ఇది అడ్డు కాగలదు. వారి కోసం ఒక వెసులుబాటు ఉంచాము: పని పెట్టేటప్పుడే "ఇది చదవడానికి కాదు" అని రాస్తే మొదటి రోజు చదివే దశ ఉండదు, నేరుగా అభిప్రాయాలే వస్తాయి. సినిమా టైటిళ్ళు గీసే ఇద్దరు సభ్యులు ఇటీవల ఆ వెసులుబాటును వదులుకుని, తమ టైటిళ్ళను చదివే దశకే పంపుతున్నారు. ఆ పేజీలకు అనువుగా నమూనా పదాలను మార్చే పనిని ఇప్పుడు మాస్టారూ, విద్యార్థినీ కలిసి చేస్తున్నారు.